చెవి కింద నొప్పి లేని గడ్డ కనిపిస్తే ఏం చేయాలి?

చెవి తమ్మె కిందో, దవడ మూల దగ్గరో గడ్డ తగలగానే చాలామంది గవదబిళ్లలనుకుని పట్టు వేస్తారు. గవదబిళ్లలైతే నొప్పి, జ్వరం వచ్చి వారం పది రోజుల్లో తగ్గుతాయి. తినేటప్పుడే ఉబ్బుతుంటే లాలాజల నాళంలో రాయి ఉండొచ్చు. నెలల తరబడి నొప్పి లేకుండా మెల్లగా పెరిగే గడ్డను మాత్రం ట్యూమర్‌గా అనుమానించాలి. చెవి ముందుండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలో వచ్చే ట్యూమర్లలో సుమారు 80 శాతం క్యాన్సర్ కానివే. దవడ కింది గ్రంథిలోనో, అంగిట్లోనో వస్తే అంత ధీమా పనికిరాదు.

1. ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. మూతి వంకర పోయినా, కన్ను సరిగా మూతపడకపోయినా, గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, మెడలో బిళ్లలు కట్టినా ఆలస్యం చేయొద్దు.

2. ముందు అల్ట్రాసౌండ్, ఆ తర్వాత ఎఫ్‌ఎన్‌ఏసీ అనే సన్న సూది పరీక్ష చేయించుకోండి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. గడ్డ లోతుగా ఉంటే ఎంఆర్‌ఐ కూడా రాస్తారు.

3. పైపైన కోసి ముక్క తీయడానికి, గడ్డను మాత్రమే ఒలిచి తీయడానికి ఒప్పుకోకండి. అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే. ఎక్కువగా కనిపించే, క్యాన్సర్ కాని ప్లియోమార్ఫిక్ అడినోమా అనే ట్యూమర్ పై పొర చాలా పలచన. అది చిట్లితే కణాలు చుట్టూ చిమ్మి, ఎన్నో ఏళ్ల తర్వాత చిన్న చిన్న గడ్డలుగా మళ్లీ లేస్తాయి. అప్పుడు చేసే ఆపరేషన్‌లో ముఖాన్ని కదిలించే నరాన్ని కాపాడటం చాలా కష్టం. అందుకే మొదటిసారే చుట్టూ కాస్త మంచి కణజాలంతో కలిపి తీయాలి.

4. రకాన్ని బట్టి నిర్ణయించుకోండి. ప్లియోమార్ఫిక్ అడినోమాను వదిలేస్తే కొందరిలో ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారుతుంది, కాబట్టి సాధారణంగా తీయించమనే చెబుతారు. పొగతాగే పెద్దవయసు వారిలో ఎక్కువగా వచ్చే, క్యాన్సర్ కాని వార్థిన్ ట్యూమర్ అని తేలితే, ఇబ్బంది లేనంతవరకు స్కాన్లతో గమనిస్తూ ఉండొచ్చు.

5. ఆపరేషన్‌కు ముందు సర్జన్‌ను అడగండి: పరోటిడ్ ఆపరేషన్లు తరచూ చేస్తారా? ఆపరేషన్‌లో ముఖ నరాన్ని గమనించే నరాల మానిటర్ వాడతారా? మొహమాటం వద్దు.

6. తర్వాత చెవి తమ్మె మొద్దుబారడం మామూలే. మూతి కొద్దిగా వంగినా చాలామందిలో కొన్ని వారాల్లోనో, నెలల్లోనో సర్దుకుంటుంది. కొందరికి తినేటప్పుడు చెంప మీద చెమట పడుతుంది, దానికి బొటాక్స్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. బయాప్సీ రిపోర్టు భద్రంగా దాచుకుని, గడ్డ ఆలస్యంగా కూడా తిరిగి రావచ్చు కాబట్టి ఏళ్ల తరబడి చెకప్‌లకు వెళుతూ ఉండండి.