అమెరికా సుంకాల పట్టికలో మన వేరుశనగను వెతికే విధానం

అనంతపురం పల్లెల్లో బుడ్డలని, శెనక్కాయలని ఏ పేరుతో పిలిచినా సుంకాల పట్టికలో ఆ పంటకు అంకెలే గుర్తింపు కాబట్టి, ముందుగా 1202 అనే శీర్షికను తెరిచి, పొట్టుతో ఉన్న కాయకు 1202.41ను, ఒలిచిన పప్పుకు 1202.42ను చూడాలి.

తరువాత నిలువు వరుసలను గమనించండి. మన దేశానికి వర్తించేది ‘సాధారణ’ వరుస. వర్ధమాన దేశాలకిచ్చే జీఎస్‌పీ రాయితీ నుంచి భారత్‌ను 2019 జూన్ 5న తొలగించారు, 2020 చివరికి ఆ పథకం గడువే ముగిసింది.

అసలు చిక్కు కోటాలో, అంటే తక్కువ సుంకంతో రానిచ్చే పరిమిత పరిమాణంలో ఉంది. కోటా లోపల వచ్చే సరుకుపై కిలోకు కొద్ది సెంట్లు మాత్రమే సుంకం పడుతుంది గానీ, దానిలో అత్యధిక భాగం అర్జెంటీనాకు కేటాయించినదే. కోటా దాటితే పప్పుపై 131.8 శాతం, కాయపై 163.8 శాతం, అంటే కల్యాణదుర్గంలో ఒలిపించి పంపిన 100 డాలర్ల పప్పుకు సుంకమే 131 డాలర్ల 80 సెంట్లు. స్వేచ్ఛా వాణిజ్యం గురించి ఇతరులకు బోధించే దేశం పట్టికలో ఈ అంకె కనిపించడం నాకు వింతగానే తోస్తుంది.

అక్కడితో ఆగక 99వ అధ్యాయాన్ని కూడా సరుకు ఎక్కించే వారంలోనే చూసుకోవాలి, ఎందుకంటే తాత్కాలిక అదనపు సుంకాలను నమోదు చేసేది అందులోనే.

యూరప్‌కు పంపదలచినవారు అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషపదార్థం) పరీక్షకు సిద్ధపడాలి: నేరుగా తినే పప్పులో అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి అక్కడి పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములే.