సెప్సిస్ రోగికి మొదటి డోసు ఎక్కడ ఆలస్యమవుతోంది?

సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి, అవయవాలు దెబ్బతినే ప్రాణాంతక స్థితి) చికిత్సలో, ముఖ్యంగా యాంటీబయాటిక్ మొదటి డోసులో, జాప్యం తగ్గించాలనుకునే ఆసుపత్రి కొత్త ఫారాలు ముద్రించడానికి ముందు ఇటీవలి కేస్ షీట్లను కొన్నింటిని తీసి, ప్రతి రోగికీ ఐదు సమయాలు రాసుకోవాలి: వైటల్స్‌లో (నాడి, రక్తపోటు, శ్వాస వేగం, ఉష్ణోగ్రత వంటివాటిలో) మొదటి తేడా నమోదైన వేళ, డాక్టరుకు కబురు వెళ్లిన వేళ, ఆర్డరు రాసిన వేళ, మందు మంచం దగ్గరికి చేరిన వేళ, అది నరంలోకి ఎక్కడం మొదలైన వేళ. సిబ్బందికి తెలియక జరిగే ఆలస్యం కంటే, పని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారేటప్పుడు జరిగే ఆలస్యమే ఎక్కువని ఈ లెక్క తరచుగా బయటపెడుతుంది.

మొదటి చిక్కు గుర్తించడంలోనే ఉంది. వృద్ధుల్లోనూ, రోగనిరోధక శక్తి తగ్గినవారిలోనూ జ్వరం లేకుండానే, ఒక్కోసారి ఒళ్లు చల్లబడి కూడా సెప్సిస్ రావచ్చు. శ్వాస వేగం ముందే హెచ్చరిస్తుంది గానీ, దాన్ని నిజంగా లెక్కపెట్టేవారు తక్కువ. చార్టులో వరుసగా అందరికీ 18 లేదా 20 అని కనిపిస్తే అది అంచనాగా రాసిన అంకె అనే అనుకోవాలి. పూర్తి నిమిషం పాటు లెక్కించడాన్ని నియమం చేయాలి. శ్వాస వేగం, రక్తపోటు, స్పృహ ఆధారంగా వేసే క్యూసోఫా (qSOFA) స్కోరును ఒక్కదాన్నే సెప్సిస్ వడపోతకు వాడవద్దని 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి కనుక, వైటల్స్‌లోని తేడాలకు పాయింట్లు వేసే న్యూస్ (NEWS) వంటి స్కోరును ఎంచుకుని, అది ఎంత దాటితే ఎవరిని పిలవాలో గోడ మీద రాసిపెట్టాలి. అర్ధరాత్రి ఫోన్ చేస్తే చీవాట్లు తినాల్సి వస్తుందని జంకే నర్సుకు ఏ స్కోరూ ఉపయోగపడదు. పై డాక్టరును నేరుగా పిలిచే అధికారం ఆమెకు రాతపూర్వకంగా ఉండాలి.

ఆర్డరు రాశాక మందు కోసం ఇండెంటు (ఫార్మసీకి పంపే చీటీ), సంతకం, ఫార్మసీ వరుస మొదలవుతాయి. మొదటి డోసుకు కావలసిన యాంటీబయాటిక్‌లను వార్డు స్టాకులోనే ఉంచి, ఇండెంటును తరువాత పంపే ఏర్పాటు చేయడం అన్నిటికన్నా త్వరగా ఫలితమిస్తుంది. బ్లడ్ కల్చర్ (రక్తంలోని సూక్ష్మజీవులను గుర్తించే పరీక్ష) కోసం రక్తం ముందే తీయాలి గానీ, అందుకు 45 నిమిషాలకు మించి పట్టేటట్లుంటే మందు ఆపకూడదు. రెండు మందులు ఇవ్వాల్సి వచ్చి నరం ఒక్కటే దొరికినప్పుడు, కనీసం గంటపాటు ఎక్కించాల్సిన వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను ముందు పెడితే రెండోది అంతసేపూ ఆగిపోతుంది; త్వరగా ఇవ్వగలిగే విస్తృత ప్రభావం గల బీటా లాక్టమ్ (పెన్సిలిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్)తోనే సాధారణంగా మొదలుపెట్టాలి.

రక్తపోటు పడిపోయినవారికి, లేదా లాక్టేట్ (కణజాలానికి రక్తం సరిగా అందనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) లీటరుకు 4 మిల్లీమోల్స్‌కు చేరినవారికి, మొదటి మూడు గంటల్లో కిలోకు కనీసం 30 మిల్లీలీటర్ల ద్రవం సూచిస్తారు. 60 కిలోల మనిషికి అది 1,800 మిల్లీలీటర్లు. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారి విషయంలో సంకోచం సహజమే. అలాంటప్పుడు ద్రవాన్ని పూర్తిగా మానుకోకుండా, కొద్దికొద్దిగా ఇచ్చి ప్రతిసారీ ఊపిరితిత్తులను, రక్తపోటును మళ్లీ చూడాలి. సగటు ధమనీ పీడనం (సగటు రక్తపోటు) 65 mmHgకు చేరకపోతే, సెంట్రల్ లైన్ (మెడ వంటి చోట పెద్ద సిరలో వేసే గొట్టం) కోసమో ఐసీయూ మంచం కోసమో ఎదురుచూడకుండా, రక్తపోటు పెంచే నార్‌అడ్రినలిన్‌ను తాత్కాలికంగా చేతి నరం ద్వారానే, సూది పెట్టిన చోటును గమనిస్తూ ప్రారంభించవచ్చు.

జ్వరం ఉన్న ప్రతి రోగినీ గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వాలనే గడువులోకి నెట్టడమూ సరికాదు. షాక్ (రక్తపోటు పడిపోయి అవయవాలకు రక్తం చాలని స్థితి) ఉన్నవారికి, లేదా సెప్సిస్ అని గట్టిగా అనిపించేవారికి గంటలోపు మందు పడాలి. షాక్ లేకుండా కేవలం అనుమానమే ఉన్నప్పుడు, వేగంగా పరీక్షించి, అనుమానం తీరకపోతే మూడు గంటల్లోపు ఇవ్వవచ్చు. ఈ తేడా పాటించని చోట అలారాలు పదేపదే మోగి, చివరికి ఎవరూ పట్టించుకోరు.

ఐసీయూలో ఖాళీ లేక అత్యవసర విభాగంలోనే ఉండిపోయిన రోగికి రెండో డోసు తప్పిపోయే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అతను ఎవరి రోగి అన్నది తేలదు. మొదటి డోసు వేసిన నర్సే తరువాతి డోసు వేళను కేస్ షీటు పైభాగాన రాసి, షిఫ్టు మారేటప్పుడు ఆ వేళను, దాని బాధ్యత తీసుకునే వ్యక్తి పేరును కలిపి అప్పగించాలి.