పిస్టల్ సాధన – పాఠం 5: ట్రిగ్గర్ తేలికపడాలి, దెబ్బ మాత్రం తప్పకూడదు

గత పాఠంలో గ్రిప్‌ను, అంటే పిస్టల్ పిడిని, చేతికి అమిరేలా సరిచేసుకున్నాం. అది కుదరకుండా ట్రిగ్గర్ జోలికి రావద్దు. వేలు ప్రతిసారీ ఒకేచోట పడకపోతే ట్రిగ్గర్‌ను ఎన్ని గ్రాములకు పెట్టినా ఒకటే. గ్రిప్ కుదిరిందని నమ్మకం ఉన్నవాళ్లు ముందుకు రండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో ఎక్కువగా ఉండేది 10 మీటర్ల ఎయిర్ పిస్టలే. అందుకే పాఠమంతా దాని మీదే నడుస్తుంది. పాయింట్ టూటూ (.22 తూటా) పిస్టల్ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే ఇక్కడ చేసే పొరపాటే అక్కడ ఇంకా గట్టిగా దెబ్బ కొడుతుంది.

పిల్లలు వచ్చి ముందుగా అడిగేది ఒక్కటే: "సార్, ట్రిగ్గర్ ఇంకొంచెం లైట్ చేయండి." ఎయిర్ పిస్టల్‌కు అంతర్జాతీయ నిబంధన ప్రకారం ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు. పైన హద్దు లేదు. పోటీకి ముందు తనిఖీ ఉంటుంది, కాల్చడం అయ్యాక కూడా కొందరిని పిలిచి మళ్లీ తూచి చూస్తారు. అప్పుడు తగ్గితే ఆ రోజు కొట్టిన స్కోరంతా పోయినట్టే. కాబట్టి సరిగ్గా 500 దగ్గర పెట్టొద్దు, 510 నుంచి 520 మధ్య ఉంచండి. ఆ పది ఇరవై గ్రాములు మీ వేలికి తెలియవు. దుమ్ము, అరుగుదల వల్ల వచ్చే తేడాకు అవే అడ్డు నిలుస్తాయి.

ట్రిగ్గర్ తూచడానికని ప్రత్యేకంగా అమ్మే తూకం రాయి కొనాల్సిన పని లేదు. స్ప్రింగు త్రాసు మాత్రం వద్దు, దాని ముల్లు ఊగుతుంది, మనకు కావాల్సినట్టు చదువుకుంటాం. తూనికల శాఖ ముద్ర ఉన్న 500 గ్రాముల బాటు ఒకటి తీసుకుని, దానికి కొక్కెంగా వంచిన గట్టి తీగ బిగించండి. మొత్తాన్ని తెలిసిన బంగారం దుకాణానికి తీసుకెళ్లి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించండి. తీగతో కలిపి ఎంత వచ్చిందో బాటు మీదే రాసుకోండి. నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల ఏ దుకాణంలో అడిగినా కాదనరు. అలాగే 350, 400 గ్రాములు తూగేలా రెండు చిన్న ఇసుక సంచులు కూడా కట్టి పెట్టుకోండి.

ఇప్పుడు పిస్టల్ తీయండి. బ్యారెల్ ఖాళీగా ఉందని కళ్లారా చూడండి, సేఫ్టీ దారం బ్యారెల్ గుండా ఇవతల నుంచి అవతలికి దూర్చండి. పెల్లెట్ల (చిన్న గుండ్ల) డబ్బా అదే బల్ల మీద ఉండకూడదు, వేరే గదిలో పెట్టి రండి. గొట్టం ఎప్పుడూ గోడ వైపే. ఇంట్లో తమ్ముళ్లు, చెల్లెళ్లు తిరుగుతుంటే ఈ పని ఆ పూటకు మానేయండి.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి మనసులో బొమ్మ కట్టుకుందాం. పిస్టల్‌ను కాక్ చేసినప్పుడు, అంటే కాల్చడానికి సిద్ధం చేసినప్పుడు, హ్యామర్ (లోపలి సుత్తి) వెనక్కి వెళ్లి స్ప్రింగును నొక్కిపట్టి ఆగుతుంది. దాన్ని ఆపి ఉంచేది సియర్, అంటే తలుపుకు గడియ లాంటిది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు ఆ గడియ కొద్దికొద్దిగా జారి, చివరి అంచు దాటగానే హ్యామర్ దూకి వాల్వును కొడుతుంది. వాల్వు రెప్పపాటు తెరుచుకుంటుంది, గాలి పెల్లెట్‌ను తోస్తుంది. మనం స్క్రూలతో మార్చేది గడియ ఎంత లోతుగా పట్టుకోవాలి, ఎంత బరువుకు జారాలి అన్నదే. హ్యామర్ కొట్టే బలాన్ని మాత్రం ముట్టుకోం. ఈ గీత దాటొద్దు.

స్క్రూలు ఎటు తిప్పితే ఏం పెరుగుతుందో ఒక్కో మోడల్‌కు ఒక్కో రకంగా ఉంటుంది. మీ పిస్టల్ మాన్యువల్ పక్కన తెరిచి పెట్టుకోండి. స్క్రూ ముట్టుకునే ముందు దాని తల మీద సన్నటి మార్కర్‌తో గీత పెట్టి ఫోన్‌తో ఫోటో తీయండి. ఒక్కసారికి ఒక్క స్క్రూ, అదీ పావు చుట్టే. తిప్పిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాయండి.

మొదట ఫస్ట్ స్టేజ్. ఇది సియర్ దాకా వెళ్లే దారి, అక్కడ వేలికి చిన్న గోడ తగులుతుంది. మొత్తం బరువులో నాలుగింట మూడొంతులు ఇక్కడే ఉండేలా చూడటం నాకు ఇష్టం. అంటే 380 నుంచి 400 దాకా ఫస్ట్ స్టేజ్, మిగిలింది సెకండ్ స్టేజ్, అంటే ఆ గోడ దగ్గర నుంచి షాట్ తెగే (హ్యామర్ పడే) దాకా. కొందరు సగం సగం పెట్టుకుంటారు, అది తప్పేం కాదు. కానీ చెమట పట్టి, గుండె కొట్టుకుంటున్నప్పుడు వేలు ముందుగానే ఎక్కువ బరువు మోస్తూ ఉంటే, మిగిలిన కొద్దిపాటి ఒత్తిడి పెంచడం తేలిక. టెన్షన్‌లో వేలు గట్టిగా గుంజేవాళ్లకు ఈ పద్ధతి మరీ మంచిది. బ్యారెల్‌ను నిటారుగా పైకి పట్టుకుని, 350 గ్రాముల సంచిని ట్రిగ్గర్‌కు తగిలించి పైకెత్తండి. ట్రిగ్గర్ గోడ దాకా వెళ్లకూడదు. 400తో వెళ్లి ఆగాలి. అలా కుదిరే దాకా ఫస్ట్ స్టేజ్ స్క్రూ సర్దండి.

తర్వాత సెకండ్ స్టేజ్. సియర్ ఎంత లోతుగా పట్టుకోవాలో చెప్పే స్క్రూను పావు పావు చుట్టు తిప్పుతూ, ప్రతిసారీ కాక్ చేసి నొక్కి చూడండి. గోడ పలచబడుతూ వస్తుంది. ఒక దగ్గర గోడ తెలియకుండానే హ్యామర్ పడిపోతుంది. అది ప్రమాదపు గీత. అక్కడి నుంచి గోడ మళ్లీ స్పష్టంగా వేలికి తగిలే దాకా వెనక్కి రండి. పలచగా ఉంటే గాజు విరిగినట్టు తెగుతుందని మురిసిపోతారు, కానీ అంత పలచన మీద 60 షాట్లు నమ్మలేం. వెనక్కి వచ్చాక 500 బాటుతో మళ్లీ తూచండి, ఎందుకంటే సియర్ లోతు మారితే బరువూ మారుతుంది. బాటును నేల మీద నుంచి నెమ్మదిగా లేపాలి, హ్యామర్ పడకూడదు. కుదిపి లేపితే ఉన్న బరువు కన్నా తక్కువగా అనిపిస్తుంది.

ఇక అసలు విషయం స్టాప్ స్క్రూ. షాట్ తెగాక ట్రిగ్గర్ ఇంకా వెనక్కి పోకుండా ఆపేది ఇదే. ఎక్కువ దూరం పోతే గొట్టం కదులుతుంది కాబట్టి దాన్ని దగ్గరగా బిగించాలని అందరూ అంటారు, అది నిజమే. కానీ మరీ దగ్గరగా బిగిస్తే సియర్ పూర్తిగా పక్కకు తప్పుకోదు. హ్యామర్ దాని అంచును రాసుకుంటూ వెళ్తుంది. రాపిడిలో కొంత బలం పోతుంది, వాల్వు మీద దెబ్బ మెత్తబడుతుంది, పెల్లెట్ నెమ్మదిగా బయటికొస్తుంది.

దీన్ని లెక్కలో చూడండి. పెల్లెట్ వేగం సెకనుకు 150 మీటర్లు అనుకుందాం. 10 మీటర్లు వెళ్లేసరికి అది దాదాపు 22 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, మనం సైట్ (గురి చూసే భాగం) సర్దుకునేది దానికే. వేగం పదో వంతు తగ్గితే 27 దాకా దిగుతుంది. తేడా 5 మిల్లీమీటర్లు. టార్గెట్ మీద పది రింగు అడ్డంగా 11.5 మిల్లీమీటర్లే, రింగుకు రింగుకు మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. అంటే నడి మధ్యలో పడాల్సిన షాట్ పది అంచుకు జారుతుంది. కొంచెం కిందున్న పది కాస్తా తొమ్మిది అవుతుంది. పిల్లలేమో చెయ్యి వంగిందనుకుని రోజుల తరబడి భుజం సాధన చేస్తారు.

కనిపెట్టడం కష్టం కాదు. స్టాప్‌ను బిగిస్తూ పోండి, ఒక దగ్గర ట్రిగ్గర్ అసలు తెగదు. అక్కడి నుంచి వెనక్కి తిప్పుతూ, షాట్ తెగిన చోట ఆగండి. ఇప్పుడు కాక్ చేసి, మీకు వీలైనంత నెమ్మదిగా, ఊపిరి తీసి వదిలేంత సేపు పట్టేలా నొక్కండి. వేగంగా నొక్కితే వేలి ఊపుతో సియర్ ఎలాగోలా తప్పుకుంటుంది, లోపం దాక్కుంటుంది. నెమ్మదిగా నొక్కినప్పుడు "టక్" అని ఒకే శబ్దం రావాలి. "చర్" అని రాపిడి వినబడినా, వేలికి ఇసుక రేణువు తగిలినట్టు అనిపించినా స్టాప్ ఇంకా దగ్గరగా ఉన్నట్టే. శబ్దం శుభ్రంగా వచ్చాక, ఇంకో అర చుట్టు వెనక్కి తిప్పి వదిలేయండి. ఆ అర చుట్టు వృథా అని ఎవరు చెప్పినా వినొద్దు.

ఇప్పుడు భద్రత పరీక్షలు. కాక్ చేసి, వేలు బయట పెట్టి, పిస్టల్ పక్కన అరచేత్తో నాలుగైదు సార్లు తట్టండి. పడకూడదు. తర్వాత గోడ దాకా నొక్కి, షాట్ కొట్టకుండా వేలు మెల్లగా వదిలేయండి, మళ్లీ నొక్కండి. గోడ అదే చోట, అంతే గట్టిగా తగలాలి. రెండోసారి పలచబడితే సియర్ పూర్తిగా వెనక్కి రావడం లేదన్నమాట, అలాంటి పిస్టల్‌ను కాల్చే లైన్ మీదికి తీసుకెళ్లకూడదు. ఎందుకంటే పోటీలో ఎత్తి, నచ్చక దించి, మళ్లీ ఎత్తడం ప్రతి షూటర్ చేసేదే.

మన వైపు దుమ్ము గురించి ఒక మాట. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పొట్టు, గ్రానైట్ కోసే చోట సన్నటి పొడి, ఎండాకాలంలో నల్లగొండ వేడి, అన్నీ కలిసి సియర్ మీద వేసిన గ్రీజును జిగురుగా మారుస్తాయి. గ్రీజు సూది మొన మీద నిలిచేంత చాలు. ఎక్కువైతే పొడి పట్టుకుంటుంది. సియర్ అంచును నూనె రాయితో నున్నగా చేస్తామనే మెకానిక్‌లకు పిస్టల్ ఇవ్వకండి. ఆ అంచు పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటే, అది అరిగాక లోపలి మెత్తటి ఇనుము నిలవదు.

పాయింట్ టూటూ విషయానికొస్తే, 25 మీటర్ల పిస్టల్‌కు కనీస బరువు 1000 గ్రాములు. హ్యామర్ స్ప్రింగు మెత్తగా ఉంటే సియర్ మీద ఒత్తిడి తగ్గి ట్రిగ్గర్ తేలికవుతుంది. అందుకని కొందరు స్ప్రింగు చుట్లు కత్తిరిస్తారు. ఈ తూటాలో నిప్పురాజేసే మందు అడుగు అంచు లోపల చుట్టూ ఉంటుంది. ఫైరింగ్ పిన్ (హ్యామర్ దెబ్బకు ముందుకు దూకే సూది) ఆ అంచును చాంబర్ (తూటా కూర్చునే గది) గోడకేసి నలిపితేనే అంటుకుంటుంది. దెబ్బ మెత్తబడితే పేలదు. పేలని తూటా తీసి చూడండి: పిన్ గుర్తు పైపైనే ఉంటే తప్పు పిస్టల్‌ది, లోతుగా ఉంటే తప్పు తూటాదై ఉండొచ్చు. తీసే ముందు మాత్రం గొట్టం టార్గెట్ వైపే పెట్టి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

2021లో టోక్యో ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మన షూటర్ మను భాకర్ పిస్టల్ మొరాయించింది. బాగు చేయించుకుని వచ్చేసరికి నిమిషాలు కరిగిపోయాయి, ఫైనల్ చేజారింది. 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాల్సిన ఆటలో అది ఎంత నష్టమో ఆలోచించండి. ఆమె 2024 పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చింది. పాఠం చదివేవాళ్లలో గచ్చిబౌలి రేంజ్‌కు పోటీకి వెళ్లబోయేవాళ్లుంటే, బయల్దేరే వారం ముందే స్క్రూలన్నీ వదిలేయండి. ముందు రోజు రాత్రి ఒక్కటి కూడా తిప్పొద్దు.

ఈ వారం పని: రోజూ సాధనకు ముందు, తర్వాత బాటుతో తూచి నోట్‌బుక్‌లో రాయండి. నెమ్మదిగా నొక్కి శబ్దం వినడం రోజూ పదిసార్లు చేయండి. ఆదివారం ఒకే కార్డు మీద పది షాట్లు కొట్టి, కిందికి జారినవాటిని చుట్టి గుర్తుపెట్టుకోండి. ఆ కార్డు దాచండి, వచ్చే పాఠంలో సైట్ సర్దేటప్పుడు దాన్నే ముందు పెట్టుకుని కూర్చుంటాం.