కొత్త ట్రాక్టర్ మీటర్‌లో ముందే గంటలు కనిపిస్తే: ఎప్పుడు పర్వాలేదు, ఎప్పుడు వద్దనాలి

ఆదోని కానీ, గుత్తి కానీ, ప్రొద్దుటూరు కానీ, ట్రాక్టర్ షోరూమ్‌కు వెళ్లిన రైతుకు వచ్చే అనుమానం ఇది. ఏడెనిమిది లక్షలు పెట్టి కొత్త బండి తీసుకుంటుంటే, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగిందో చూపించే మీటర్‌లో 3 గంటలో, 18 గంటలో కనిపిస్తాయి. అడిగితే "ఏం కాదన్నా, ట్రయల్‌కు తిప్పినాం అంతే" అంటారు. ఆ మాట చాలాసార్లు నిజమే. నిజం కానప్పుడు మాత్రం నష్టం ఏళ్ల తరబడి మోయాల్సింది రైతే.

గంటల సంఖ్య చూసి భయపడి వెనక్కి రావద్దు, "కొంచెమే కదా" అని వదిలేయనూ వద్దు. ఆ గంటలు ఏ పనిలో తిరిగాయి, బండి ఇప్పటికే ఎవరి పేరు మీదైనా ఎక్కిందా, వారంటీ ఏ తేదీ నుంచి లెక్క అనేవి తేల్చుకోవాలి. నన్నడిగితే మీటర్ కన్నా కాగితాలనే ముందు చూడమంటాను. మీటర్‌లోని పది గంటల వల్ల ఇంజన్‌కు పెద్దగా పోయేదేమీ లేదు. కాగితాల్లో తేడా ఉంటే లోను, వారంటీ, రేపు అమ్ముకునే ధర అన్నీ దెబ్బతింటాయి.

మీటర్‌లో 5 గంటల లోపు ఉంది

ఇది మామూలే. ఫ్యాక్టరీలో తయారైన బండిని కాసేపు నడిపి చూస్తారు, యార్డుకు తోలుతారు, లారీ ఎక్కిస్తారు, దించుతారు. మొహాలీ నుంచి స్వరాజ్, హోషియార్‌పూర్ నుంచి సోనాలికా రాయలసీమ దాకా లారీల మీదే వస్తాయి. ఇక్కడికి చేరాక గోడౌన్ నుంచి షోరూమ్‌కు తోలడం, డెలివరీకి ముందు చెకింగ్ కూడా కలిపితే రెండు మూడు గంటలు సులభంగా అయిపోతాయి. సున్నా చూపించే బండే కావాలని పట్టుబట్టనక్కర్లేదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. పాత రకం ముల్లు మీటర్లు చాలావరకు ఇంజన్ తిరిగే వేగాన్ని బట్టి గంటలు లెక్క కడతాయి. బండి ఐడ్లింగ్‌లో గంటసేపు ఉన్నా మీటర్‌లో గంట పడదు. డిజిటల్ మీటర్లు మాత్రం చాలావరకు గడియారం లెక్కన నడుస్తాయి. అందుకే రెండు బండ్ల మీటర్లు పోల్చేటప్పుడు ఏది ఏ రకమో కనుక్కోండి.

10 నుంచి 50 గంటల మధ్య ఉంది

ఇక్కడ నిదానంగా చూడాలి. సాధారణంగా ఇది డెమో బండి అయి ఉంటుంది. ఊళ్లలో రైతుల ముందు రోటావేటర్ వేసి చూపించి ఉంటారు, మేళాకు తీసుకెళ్లి ఉంటారు. కొన్నిసార్లు ఎవరో బుక్ చేసుకుని, లోను రాక వదిలేసిన బండి కావచ్చు. తెలిసినవాళ్లకు నాలుగు రోజులు దుక్కికి ఇచ్చిన బండీ కావచ్చు.

డెమో అనగానే చెడిపోయిందనుకోవడం పొరపాటు. కొత్త ఇంజన్‌లో పిస్టన్ రింగులు లైనర్ (పిస్టన్ తిరిగే గొట్టం) గోడకు సర్దుకోవాలంటే ఓ మాదిరి లోడు పడాలి. లోడు లేకుండా గంటల తరబడి ఐడ్లింగ్‌లో వదిలేస్తే లైనర్ గోడ అద్దంలా నునుపెక్కి, రింగులు పట్టు దొరక్క, తర్వాత ఇంజన్ ఆయిల్ తాగడం మొదలవుతుంది. కాబట్టి షోరూమ్ ముందు ఇరవై గంటలు ఊరికే ఆన్‌లో ఉన్న బండి కన్నా, ఎర్రనేలలో ఇరవై గంటలు కల్టివేటర్‌తో ఒద్దికగా దున్నిన బండే నయం. ఇబ్బందల్లా లోడు మితిమీరినప్పుడే. మొదటి పది గంటల్లోనే నిండు ట్రాలీ రాళ్లు లాగించి ఉంటే, తడి నల్లరేగడిలో పెద్ద నాగలి వేసి ఇంజన్ గొంతు పడిపోయేదాకా తోలి ఉంటే, ఆ బండి మనకు వద్దు.

కాబట్టి ఎన్ని గంటలని అడిగి ఊరుకోకుండా ఏ నేలలో, ఏ పనికి అని అడగండి. అనంతపురం వైపు వేరుశనగ చేలల్లో తిరిగి ఉంటే దుమ్ము సమస్య ఉంటుంది. ఎయిర్ క్లీనర్ విప్పించి చూడండి. ఫిల్టర్ దాటి లోపలి గొట్టంలో వేలికి దుమ్ము అంటుకుంటే ఆ దుమ్ము ఇంజన్‌లోకి పోయినట్టే, ఆ బండి వద్దనండి. కేసీ కాలువ కింద వరి మడుల్లో దమ్ము చేసి ఉంటే నీళ్ల సమస్య ఉంటుంది. ముందు చక్రాల హబ్బులు, బ్రేకులు, గేర్‌బాక్స్ ఆయిల్ చూడాలి. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్లు చేరాయని అర్థం. కేజ్ వీల్స్ (దమ్ములో వేసే ఇనుప చక్రాలు) వేసిన బండికి వెనక చక్రం డిస్కుల మీద, బోల్టుల చుట్టూ గీతలు మిగులుతాయి. పెయింట్ వేసి కప్పినా వేలితో తడిమితే తెలిసిపోతుంది.

అంతా సరిగ్గా ఉందనిపిస్తే తీసుకోవచ్చు, కానీ ముందు కొన్ని పనులు జరగాలి. కొత్త ఇంజన్‌లో అరుగుదల తొలి గంటల్లోనే ఎక్కువ, ఆ లోహపు పొడి అంతా మొదటి ఆయిల్‌లో చేరుతుంది. చాలా కంపెనీలు మొదటి సర్వీసు 50 గంటల దగ్గర పెట్టింది అందుకే. మీటర్ 30 దాటి ఉంటే ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ డీలర్ ఖర్చుతోనే మార్చి ఇవ్వమనండి. చక్రాల నట్లు మళ్లీ బిగించి, క్లచ్ పెడల్ ఆట (ఫ్రీ ప్లే) సరిచేయించాలి. మీటర్ 50 దాటిపోయి ఉంటే మొదటి సర్వీసు జరిగినట్టు సర్వీసు పుస్తకంలో తేదీ, గంటలు, ముద్ర ఉండాలి. లేకపోతే రేపు వారంటీ అడిగినప్పుడు "టైముకు సర్వీసు చేయించలేదు" అని తిప్పి పంపే వీలుంటుంది. చేయని తప్పుకు మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ధర తగ్గించమని అడగడానికి మొహమాటం వద్దు. బేరానికి ఇన్సూరెన్స్ లెక్క ఒక ఆధారంగా పనికొస్తుంది. వాహన బీమాలో ఆరు నెలలు దాటని బండికి 5 శాతం, ఆరు నెలలు దాటి ఏడాది లోపు బండికి 15 శాతం తరుగు కడతారు. ఎనిమిది లక్షల బండి మీద 5 శాతమంటే 40 వేలు. డీలర్ దీనికి కట్టుబడాలని ఏమీ లేదు కానీ, డెమో బండికి ఐదు వేలు తగ్గించి, ఒక టోపీ, టీషర్ట్ ఇస్తే సరిపోదని చెప్పడానికి చేతిలో ఒక అంకె ఉంటుంది.

జీఎస్టీ దగ్గర కూడా జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా ఏడు లక్షల ధర ఉన్న బండి మీద ఇదొక్కటే 49 వేల తేడా. పాత ధరల కాగితం చూపించి "50 వేలు డిస్కౌంట్ ఇచ్చినాం" అంటే అది డెమోకు ఇచ్చిన డిస్కౌంట్ కాదు, ప్రభుత్వం తగ్గించిన పన్నే. బండి ఎప్పుడు తయారైనా ఇప్పటి బిల్లులో 5 శాతమే ఉండాలి.

మీటర్‌లో గంటలు తక్కువ, బండి వాలకం మాత్రం వాడినట్టుంది

మీటర్ వైరు లేదా కేబుల్ తీసి తోలి ఉంటారు, లేదంటే మీటరే మార్చి ఉంటారు. మీటర్ అబద్ధం చెప్పినా ఇనుము చెప్పదు. వెనక లిఫ్ట్ చేతుల చివర గుండ్లు చూడండి, ఒక్కసారి కల్టివేటర్ తగిలించినా అక్కడ పెయింట్ పోతుంది. పీటీవో షాఫ్టు (రోటావేటర్ లాంటి పనిముట్లను తిప్పే వెనక షాఫ్టు) పళ్ల మీద పెయింట్ అరిగి ఇనుము మెరుస్తుంటే రోటావేటర్ వాడినట్టే. ట్రాలీ హుక్కు లోపలి భాగం తళతళలాడుతుంటే రోడ్డు మీద లోడు లాగారు. కొత్త టైర్ల మీద ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు ఊడిపోయి, గ్రిప్పు అంచులు గుండ్రంగా అయ్యాయేమో చూడండి. బండి కిందికి వంగి, క్లచ్ హౌసింగ్ సందుల్లో ఎండిన మట్టి ఉందేమో టార్చి వేసి చూడండి. కడిగినప్పుడు పై భాగమే కడుగుతారు, ఆ సందులు వదిలేస్తారు. డాష్‌బోర్డు స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే మీటర్ మీద చెయ్యి పడిందేమోనని అనుమానించాలి.

దీనికి బేరం లేదు, మరమ్మతూ లేదు. లక్ష తగ్గిస్తామన్నా తీసుకోకండి. ఎన్ని గంటలు తిరిగిందో తెలియని బండికి ఎంత ధర కట్టాలో ఎవరూ చెప్పలేరు. పైగా ఒక చోట దాచినవాళ్లు ఇంకెక్కడ దాచారో మనకు తెలియదు.

గంటలు లేవు, కానీ బండి పాతది

దీన్ని చాలామంది పట్టించుకోరు. వానలు సరిగ్గా పడని ఏడాది మన జిల్లాల్లో బండ్లు అమ్ముడుపోక యార్డుల్లో ఎండలో ఉండిపోతాయి. మీటర్‌లో 2 గంటలే ఉంటాయి, బండి మాత్రం ఏడాది కింద తయారైంది. ఏడాది కదలకుండా నిలబడిన ఈ బండి కన్నా, మొన్న తయారై పదిహేను గంటలు తిరిగిన బండినే నేను కోరుకుంటాను. నిలబడిన బండికి బ్యాటరీ చచ్చుబడుతుంది, ఎండకు టైర్ల పక్కలు సన్నగా పగులుతాయి, ట్యాంకులో మిగిలిన డీజిల్ పాడై ఫిల్టర్లకు అడ్డం పడుతుంది, ఆయిల్ సీళ్లు గట్టిపడతాయి.

టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైన టైరు. బండి తయారైన నెల, సంవత్సరం డీలర్ ఇచ్చే ఫారం 21లో (అమ్మకం సర్టిఫికెట్) ఉంటాయి. అది తొమ్మిది, పది నెలలు దాటితే కొత్త బ్యాటరీ అడగండి, డీజిల్ ఫిల్టర్లు మార్చమనండి. టైరు పగుళ్లు కనిపిస్తే టైర్లూ అడగండి. డీలర్ ఒప్పుకోకపోతే వేరే బండి చూపించమనండి.

బండి బాగుంది, కాగితాల్లో తేడా ఉంది

డీలర్లకు నెలాఖరు టార్గెట్లు ఉంటాయి. అమ్మని బండిని అమ్మినట్టు కంపెనీ రికార్డులో ఎక్కించడం, తమవాళ్ల పేరు మీద బిల్లు కొట్టడం జరిగే ప్రమాదం ఉంది. అలా చేస్తే వారంటీ గడువు మీ చేతికి బండి రాకముందే మొదలైపోతుంది. ఇంకో పెద్ద సమస్య, బండి ముందే ఎవరి పేరు మీదైనా రిజిస్టర్ అయి ఉండటం. అప్పుడు ఐదు గంటలే తిరిగినా చట్టం దృష్టిలో మీరు రెండో ఓనరు. బ్యాంకు దాన్ని కొత్త బండిగా చూడదు, రేపు అమ్మబోతే కొనేవాళ్లూ చూడరు. పాత ఫైనాన్స్ తీరకపోతే ఆ తలనొప్పి అదనం. డెమో బండిని డీలర్ ట్రేడ్ సర్టిఫికెట్ (రిజిస్టర్ కాని బండిని తిప్పడానికి డీలర్‌కు ఉండే అనుమతి) మీదే తిప్పి ఉంటే మాత్రం మొదటి రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే అవుతుంది, దాంతో ఇబ్బంది లేదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందే చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ బండి మీద చూసి రాసుకోండి. కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి ఆ చాసిస్ మీద వారంటీ మొదలైందా అని అడగండి. మొదలైతే, మీ డెలివరీ తేదీ నుంచి లెక్క అని డీలర్ నోటితో చెబితే చాలదు, కంపెనీ నుంచి రాతలో తెప్పించాలి. బిల్లు మీద "డెమో వాహనం, డెలివరీ నాటికి మీటర్ ఇన్ని గంటలు" అని రాయించండి. రాయడానికి వెనకాడే డీలర్ దగ్గర కొనకండి.

మనవాళ్లు మంచిరోజు చూసుకుని డెలివరీకి వెళ్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, దండ వేశాక ఎవరికీ కిందికి వంగి చూసే మనసు ఉండదు. అందుకే ఈ చెకింగ్ అంతా ముందు రోజే, బండి తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని చేయండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. అక్కడ ట్రాక్టర్ నడపడం, నిర్వహణ నేర్చుకున్న కుర్రాళ్లు మీ ఊళ్లో ఉంటే వాళ్లనైనా తీసుకెళ్లండి. మీటర్, చాసిస్ ప్లేటు, టైరు నంబర్ల ఫొటోలు తీసి దాచుకోండి.

కొనేశాక బయటపడింది

వాడిన వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. సొంత సేద్యంతో, సొంత శ్రమతో బతికే రైతు ఈ చట్టం కింద వినియోగదారుడే. ముందు డీలర్‌కు, కంపెనీకి బిల్లు, ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకోండి. అది తేలేదాకా మీటర్ జోలికి పోవద్దు, బయట మెకానిక్‌తో ఇంజన్ విప్పించవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకూ చెప్పవచ్చు. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. కర్నూలులో కొన్నా, మీరు కడప జిల్లాలో ఉంటే కడపలోనే వేయవచ్చు. ఐదు నుంచి పది లక్షల మధ్య కొనుగోలుకు ఫీజు 200 రూపాయలు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.