పాత గాజు సామాను గుర్తుపట్టడం – 4వ పాఠం: టార్చి దగ్గరే ఇంకొంచెం సేపు

ఈసారి గిన్నె అడుగున ఉండే గుర్తుల గురించి చెప్పాలి. కానీ మీరు పంపిన ఫొటోలు చూశాక టార్చిని వదిలి ముందుకు వెళ్లలేకపోతున్నాను. యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే వెలిగిందని ఇంట్లో సగం సామానుకి యురేనియం గాజని, అంటే యురేనియం కలిపి చేసిన గాజని, పేరు పెట్టేశారు. ఇంతకుముందు "టార్చి వేస్తే వెలిగితే యురేనియం గాజు" అన్నానే గానీ, ఎలా వెలగాలో నేను చెప్పలేదు.

టార్చి ఊదా కాంతి గాజు మీద పడి తళుక్కుమంటే అది వెలగడం కాదు. అద్దంలో దీపం కనిపించడం లాంటిది. యురేనియం గాజు లోపలి నుంచి వెలుగుతుంది. అంచు నుంచి అడుగు దాకా ఒకటే పచ్చదనం, అరటి మొవ్వ రంగు. నీలం కలిసిన తెలుపు మచ్చలు కనిపిస్తే అవి బట్టల సబ్బు పొడివి. కడిగి మళ్లీ చూడండి.

అసలు చిక్కంతా మాంగనీసుతో. ఎంతమంది అమ్మకందార్లు దీన్ని యురేనియం అని అంటగడతారో! ఇసుకలో ఇనుము ఉంటే గాజుకి ఆకుపచ్చ చాయ వస్తుంది. అది పోగొట్టడానికి గాజు చేసేవాళ్లు మాంగనీసు కలిపేవాళ్లు. యూవీ కింద అదీ పచ్చగానే వెలుగుతుంది, కాకపోతే పెసరకట్టులా పలచగా. తేడా పట్టుకోవాలంటే గది చీకటి చేసి టార్చిని గాజుకి ఆనించండి, మెల్లగా వెనక్కి జరగండి. మాంగనీసు వెలుగు త్వరగా సన్నగిల్లిపోతుంది. యురేనియం దూరం నుంచి వేసినా గట్టిగా పలుకుతుంది. ఫోను ఫొటోని నేను అస్సలు నమ్మను, కెమెరా పలచటి వెలుగుని కూడా చిక్కగా చూపిస్తుంది. కళ్లతో చూడండి.

టార్చి మీదే అనుమానమా? కరెన్సీ నోటు మీద వేయండి. కాగితంలో సన్నటి రంగు పోగులు వెలిగితే టార్చి మంచిదే.

ఇంకోటి, వెలుగు వయసు చెప్పదు. యురేనియం గాజు 1830ల్లో బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశంలో ఒక ప్రాంతం) జోసెఫ్ రీడెల్ చేశాడు, 20వ శతాబ్దంలోనూ చేశారు. వయసు కోసం అడుగే తిప్పాలి. కాకినాడ నుంచి ఒకావిడ పంపిన చక్కెర గిన్నె చూడండి. తాతగారు 1912లో రంగూన్ నుంచి ఓడలో తెచ్చారని ఇంట్లో చెప్పుకుంటారట. గిన్నె నిండుగా పచ్చగా వెలుగుతోంది. అడుగున, వేలికి కూడా తగలనంత మసకగా, గుండ్రటి ముద్రలో "చెకోస్లొవేకియా" అని ఉంది. ఆ దేశం పుట్టిందే 1918లో. గిన్నె రంగూన్‌ది కావచ్చు, 1912 మాత్రం కుదరదు.

అడుగున అరుగుదల కూడా చూడండి. బల్లకి ఆనే వలయం మీదే, అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా సన్నటి గీతలుండాలి. అన్నీ ఒకే వైపు ఉంటే గరుకు కాగితం పెట్టి రుద్దారేమో అని అనుమానించాలి.

వెలిగే గిన్నెని షోకేసులో పెట్టుకోండి. ఊరగాయ, నిమ్మరసం లాంటి పులుపు అందులో నిల్వ చేయకండి.

అభ్యాసం: ఇంట్లో ఇరవై గాజు వస్తువులు తీయండి, కొత్తవీ కలపండి. ముందు పగటి వెలుతురులో ప్రతిదాని అడుగు చూసి వయసు ఊహించి రాయండి. టార్చి రాత్రికి. రాసింది మాత్రం కొట్టేయకండి, వచ్చేసారి ఆ కాగితంతోనే పని.