గంజాయి లీగలైన రాష్ట్రంలో వీసా మీద ఉంటే ఏం చేయాలి, ఏం చేయకూడదు

న్యూజెర్సీలో 2020 నవంబర్ ఎన్నికల బ్యాలెట్ మీద ఒక ప్రశ్న ఉంది: 21 ఏళ్ళు నిండినవాళ్ళకు గంజాయిని చట్టబద్ధం చేయాలా, వద్దా? ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది చేయాలన్నారు. అప్పటికే నాకు సిటిజన్‌షిప్ వచ్చింది కాబట్టి నేనూ ఓటేశాను, చేయాలనే వేశాను. నన్ను కదిలించింది అరెస్టుల లెక్క. వాడకం తెల్లవాళ్ళలోనూ నల్లవాళ్ళలోనూ దాదాపు ఒకేలా ఉన్నా, గంజాయి దగ్గర దొరికిందని అరెస్టయ్యే అవకాశం నల్లవాళ్ళకు మూడున్నర రెట్లకు పైగా ఉందని పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2020లో నివేదిక ఇచ్చింది. చిన్న పొట్లం కోసం ఒక కుర్రాడి చదువు, ఉద్యోగం పోవడం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. వద్దన్నవాళ్ళ మాటనూ తీసిపారేయను. నాకు తెలిసిన ఒక పిల్లల డాక్టరు వద్దనే ఓటేసింది. ఇప్పుడు అమ్మే సరుకు ఘాటు పాతకాలం గంజాయి కంటే చాలా ఎక్కువని, ఎదిగే వయసు మెదడు మీద దాని దెబ్బ ఉంటుందని ఆమె భయం. అందులో నిజముంది.

కానీ ఆ వాదనలో రెండువైపులవాళ్ళూ మనల్ని మర్చిపోయారు. ఎఫ్‌1 (విద్యార్థి వీసా), హెచ్‌1బీ (ఉద్యోగ వీసా), హెచ్4 (హెచ్‌1బీ వాళ్ళ కుటుంబ వీసా), గ్రీన్‌కార్డ్ వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏటా ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చే పిల్లలకు రూములు వెతికిపెట్టేటప్పుడు వాళ్ళ నోట ఒకే మాట వింటుంటాను: "అక్కా, ఇక్కడ లీగలే కదా?" ఆ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

ఎవరికి లీగల్?

రాష్ట్రం ఓటు రాష్ట్ర చట్టాన్ని మాత్రమే మార్చింది. 24 రాష్ట్రాలు సరదా వాడకాన్ని అనుమతించినా, 1970 నాటి ఫెడరల్ కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ చట్టంలో గంజాయి నిషిద్ధ పదార్థమే. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ ప్రభుత్వం తన చట్టాన్ని అమలు చేయొచ్చని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. వీసా, గ్రీన్‌కార్డ్, సిటిజన్‌షిప్ పూర్తిగా ఫెడరల్ వ్యవహారాలు. కాబట్టి డిస్పెన్సరీ (గంజాయి అమ్మే షాపు) బోర్డు మీద రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ నంబరు మీ ఇమిగ్రేషన్ ఫైలుకు ఏ రక్షణా ఇవ్వదు.

ఆ ఫెడరల్ చట్టంలో గంజాయిని అన్నిటికంటే కఠినమైన మొదటి షెడ్యూల్ నుంచి మూడో షెడ్యూల్‌కి దించుతామని న్యాయశాఖ 2024 మేలో ప్రతిపాదించింది. అప్పటినుంచి మన గ్రూపుల్లో "ఇంక ప్రాబ్లం లేదు" అనే ఫార్వర్డ్‌లు తిరుగుతున్నాయి. నమ్మకండి. మూడో షెడ్యూల్ కూడా కంట్రోల్డ్ సబ్‌స్టాన్స్ జాబితాలోదే. ఇమిగ్రేషన్ చట్టం చూసేది ఆ జాబితాలో ఉందా లేదా అన్నదే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అరెస్టు కానక్కర్లేదు, కోర్టు మెట్లెక్కనక్కర్లేదు. "అవును, కొలరాడో ట్రిప్‌లో ఒకసారి తీసుకున్నాను" అని అధికారి ముందు ఒప్పుకోవడమే మిమ్మల్ని అనర్హులను చేయడానికి సరిపోవచ్చు. 30 గ్రాముల లోపు ఫర్వాలేదన్న మాట కూడా వింటారు. ఆ మినహాయింపు ఉన్నది దేశంలో ఉన్నవాళ్ళను పంపించేసే సెక్షన్‌లో, అదీ సొంత వాడకానికి పెట్టుకున్న ఒకే ఒక్క నేరానికి. మీరు పెళ్ళికి ఇండియా వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు వర్తించేది వేరే సెక్షన్, అక్కడ ఆ మినహాయింపు దానంతటది రాదు. అంటే ఇక్కడ ఉన్నన్నాళ్ళు ఏమీ జరగకపోయినా, ఊరెళ్ళి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో చిక్కు రావచ్చు.

షాపులో, పార్టీలో, ఫోన్‌లో

డిస్పెన్సరీలోకి వెళ్ళగానే వయసు కోసం ఐడీ అడుగుతారు. కొత్తగా వచ్చిన విద్యార్థి దగ్గర ఇంకా డ్రైవింగ్ లైసెన్స్ ఉండదు కాబట్టి పాస్‌పోర్ట్ తీస్తాడు, అంటే వీసా అంటించి ఉన్న అదే పుస్తకం. తర్వాత డిస్కౌంట్ పాయింట్ల కోసం ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇస్తాడు. కార్డు స్టేట్‌మెంట్‌లోనూ ఒక లైను పడుతుంది. ఇవన్నీ ఇమిగ్రేషన్‌కి వెళ్ళిపోతాయని నేననను. కానీ మీ పేరుతో, మీ చేత్తో మీరే ఆధారాలు పోగుచేసి పెడుతున్నారు. స్నేహితులతో పాటు వెళ్ళినా బయటే ఉండండి.

ఫోటోలు మరీ ప్రమాదం. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాకి అప్లై చేసేవాళ్ళు తమ సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌లో పెట్టాలని స్టేట్ డిపార్ట్‌మెంట్ అడుగుతోంది. అదే ఏడాది డిసెంబర్ నుంచి హెచ్‌1బీ, హెచ్4 వాళ్ళకూ అదే నిబంధన. లాస్ వేగాస్‌లో ఆకు బొమ్మ బోర్డు కింద నిలబడి దిగిన ఫోటో, రూమ్మేట్ ట్యాగ్ చేసిన వీడియో హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ రోజు మీకంటే ముందే మాట్లాడతాయి. అలాంటివి అసలు దిగకండి, ట్యాగ్ చేస్తే తీసేయమని మొహమాటం లేకుండా చెప్పండి.

పార్టీల్లో గంజాయి కలిపిన గమ్మీలతో జాగ్రత్త. పొగకి వాసన ఉంటుంది, తెలిసిపోతుంది. గమ్మీ మాత్రం అచ్చం పిల్లలు తినే జెల్లీలాగే ఉంటుంది, పంచదార అద్ది, మామిడి రుచితో. కాలిఫోర్నియాలో ఒక్కో మోతాదులో 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం), ప్యాకెట్ మొత్తంలో 100 వరకు ఉండొచ్చు. డబ్బా మీద చిన్న త్రికోణంలో ఆకు, ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటాయి. డబ్బా తీసేసి ప్లేట్లో పోస్తే ఆ గుర్తు ఎవరికి కనిపిస్తుంది? తిన్నాక మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదని ఇంకోటి తింటారు, అక్కడే గుండెదడ, భయం, వాంతులు మొదలవుతాయి. తెలియని ఇంట్లో విడిగా పెట్టిన స్వీట్ ఏదైనా, బ్రౌనీ అయినా, అందులో ఏముందో అడిగి తినండి. అడగడంలో తప్పేం లేదు. ఎవరైనా, ముఖ్యంగా పిల్లలు, పొరపాటున తింటే పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222కి కాల్ చేయండి. ఊపిరి సరిగ్గా ఆడకపోయినా, లేపితే లేవకపోయినా నేరుగా 911. కేసవుతుందేమోనని ఆలోచిస్తూ కూర్చోకండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పులకు ఎవరో సీబీడీ ఆయిల్ చెప్తారు, అంటే గంజాయి జాతి మొక్కలోని మత్తెక్కించని పదార్థంతో చేసే నూనె. 0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉన్న హెంప్ (మత్తు తక్కువుండే గంజాయి మొక్క) ఉత్పత్తులకు 2018 ఫార్మ్ బిల్ దారి ఇచ్చింది నిజమే. కానీ లేబుల్ మీద రాసిందీ సీసాలో ఉన్నదీ ఒకటే అన్న గ్యారంటీ లేదు. గ్యాస్ స్టేషన్‌లో దొరికే డెల్టా-8 (హెంప్ నుంచి చేసే మత్తు పదార్థం) సరుకు ఇంకా అయోమయం. ఆ సీసా సూట్‌కేసులో పెట్టి శంషాబాద్‌లో దింపితే అక్కడ మాదకద్రవ్యాల మీద ఇండియా చట్టం, ఎన్‌డీపీఎస్, ఉంటుంది. నొప్పికి మామూలు ఫార్మసీ మందే కొనిపెట్టండి. నిజంగా పెద్ద జబ్బు ఉండి, కీమో వాంతులకు ఇలాంటి మందు అవసరమని డాక్టరు అంటే, రాష్ట్రం ఇచ్చే మెడికల్ గంజాయి కార్డు తీసుకోకండి. ఎఫ్‌డీఏ అనుమతి ఉన్న డ్రోనబినాల్ లాంటిది ప్రిస్క్రిప్షన్ మీద ఇవ్వగలరా అని అడగండి. అది ఫెడరల్ చట్టం ప్రకారమే మందు.

క్యాంపస్ కూడా రాష్ట్రంలా ఉండదు. ఫెడరల్ నిధులు తీసుకునే యూనివర్సిటీలు గంజాయిని నిషేధించి తీరాలి. డార్మ్‌లో దొరికితే పోలీసుల దాకా పోకపోయినా, సస్పెన్షన్ పడితే చదువు ఆగి సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు పోతుంది. అంటే ఎఫ్‌1 స్టేటసే పోతుంది.

నయాగరా వంతెన

మనవాళ్ళు తప్పకుండా వెళ్ళే చోటు కాబట్టి విడిగా చెప్తున్నాను. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి గంజాయి లీగల్. ఇటు న్యూయార్క్ రాష్ట్రంలో 2021 నుంచి లీగల్. మధ్యలో రెయిన్‌బో బ్రిడ్జ్, నడిచినా కొద్ది నిమిషాల దారి. అటూ లీగలే, ఇటూ లీగలే, కానీ ఒక్క గమ్మీ జేబులో పెట్టుకుని ఆ వంతెన దాటితే రెండు దేశాల చట్టాల ప్రకారమూ నేరం. ఎటునుంచి ఎటు దాటినా అంతే. కాబట్టి బయల్దేరే ముందు కారు డ్యాష్‌బోర్డు, సీట్ల కింద, అద్దెకారు అయితే డిక్కీ కూడా చూసుకోండి. కారులో వేరేవాళ్ళ సరుకు ఉన్నా ప్రశ్నలు అందరికీ పడతాయి.

ఫారాల్లో వచ్చే ప్రశ్నలు

వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో కంట్రోల్డ్ సబ్‌స్టాన్స్ చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అని ఉంటుంది. గ్రీన్‌కార్డ్ ఫారం ఐ-485లోనూ ఉంటుంది, ఏ రాష్ట్రమైనా, అమెరికా అయినా, పరాయి దేశమైనా అని విడమర్చి అడుగుతుంది. గ్రీన్‌కార్డ్ మెడికల్ దగ్గర ఎక్కువమంది జారిపోతారు. డాక్టరుకి చెప్పింది డాక్టరు దగ్గరే ఉంటుందని మనకు అలవాటు. ఈ డాక్టరు నింపేది ఐ-693, అది ప్రభుత్వానికి వెళ్ళే కాగితం. వాడకం సమస్యగా తేలితే కనీసం ఏడాది ఆగాల్సి రావచ్చు.

అలాగని అబద్ధం చెప్పమని నేను చెప్పను, ఎవరు చెప్పినా వినకండి. వాస్తవాన్ని దాచి వీసా పొందారని తేలితే పడే నిషేధం జీవితాంతం వెంటాడుతుంది. గంజాయి కంటే ఆ అబద్ధమే పెద్ద దెబ్బ. ఇప్పటికే ఎప్పుడైనా వాడి ఉంటే, ఫారం ముట్టుకోకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట కూర్చోండి. స్నేహితుడి అనుభవం, గ్రూపులో సలహా ఇక్కడ పనికిరావు. సిటిజన్‌షిప్ దగ్గరా ఇదే కథ. రాష్ట్రంలో లీగలైనా సరే, వాడకం, ఆ వ్యాపారంలో ఉద్యోగం, రెండూ సత్ప్రవర్తనకు అడ్డు కావొచ్చని ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగానే చెప్పింది.

ఉద్యోగం, పెట్టుబడి

ఓపీటీలో (చదువయ్యాక ఎఫ్‌1 మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) తొంభై రోజుల నిరుద్యోగం గడువు దగ్గరపడితే ఏ ఆఫర్ వచ్చినా బంగారంలా కనిపిస్తుంది. డిస్పెన్సరీలకు సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ, గంజాయి పెంచే ఫామ్‌లో డేటా ఉద్యోగం, ఇలాంటివి వస్తే లాయర్‌ని అడగకుండా సంతకం పెట్టకండి. మొక్కను ముట్టుకోకపోయినా, అక్రమ రవాణాకు సాయం చేశారనే అనుమానం చాలు, దానికి శిక్ష పడి ఉండాల్సిన పని కూడా లేదు. గ్రీన్‌కార్డ్ మీద ఉండి లిక్కర్ స్టోర్‌లో, స్ట్రిప్ మాల్‌లో వాటాలు ఉన్న అన్నయ్యలకు కూడా ఇదే మాట. డిస్పెన్సరీకి షాపు అద్దెకివ్వడం, అందులో వాటా తీసుకోవడం సిటిజన్‌షిప్ ప్రమాణం అయ్యేదాకా వద్దు.

ఒకవేళ కేసు అయితే

పోలీసు కారు ఆపితే లైసెన్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ మర్యాదగా ఇవ్వండి. తాగావా, పీల్చావా అన్న ప్రశ్నలకు "లాయర్‌తో మాట్లాడాకే చెప్తాను" అనొచ్చు. కారు వెతకడానికి ఒప్పుకోవడం లేదని నెమ్మదిగా చెప్పొచ్చు. వాదించకండి, పరిగెత్తకండి. మత్తులో నడిపారని అరెస్టయితే కేసు తేలకముందే వీసా రద్దయిందని మెయిల్ రావచ్చు, అందుకని అదే వారం ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా పట్టుకోండి.

కోర్టులో ఒక తీపి ఆఫర్ వస్తుంది: ఒప్పుకో, ఫైన్ కట్టి క్లాసులకు వెళ్ళు, ఆరు నెలల తర్వాత రికార్డు చెరిపేస్తాం. అమెరికన్ కుర్రాడికి అది మంచి బేరమే. మీకు కాదు. నేరం ఒప్పుకుని ఏదో ఒక శిక్ష పడితే, రాష్ట్రం తర్వాత చెరిపేసినా, ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్షగానే లెక్కేస్తుంది. హోండురాస్‌లో పుట్టి, నలభై ఏళ్ళుగా గ్రీన్‌కార్డ్ మీద ఉండి, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేసిన హోసే పడియా అనే ట్రక్ డ్రైవర్ కెంటకీలో గంజాయి కేసులో ఇలాగే ఒప్పుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఉన్నావు కదా, భయం లేదని అతని లాయరే చెప్పాడు. ఆ మాట తప్పు. ఆ కేసులోనే 2010లో సుప్రీంకోర్టు, దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే క్రిమినల్ లాయర్ ముందే చెప్పి తీరాలని తీర్పిచ్చింది. కాబట్టి మీ లాయర్‌ని మొదటి రోజే అడగండి: "నేను సిటిజన్‌ని కాదు. దీనికి ఒప్పుకుంటే నా వీసాకి ఏమవుతుంది?" జవాబు ఈమెయిల్‌లో రాసివ్వమనండి. కేసు ఎలా ముగిసినా కోర్టు క్లర్క్ దగ్గర తుది ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుని ఉంచుకోండి. రికార్డు చెరిపేశాక ఆ కాపీలు దొరకడం కష్టం, స్టాంపింగ్‌లోనూ గ్రీన్‌కార్డ్‌లోనూ అడిగేది మాత్రం అవే.