సెప్సిస్ లక్షణాలను ఎలా గుర్తుపట్టాలి?

న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, కడుపులో చీము, మానని పుండు... ఇలాంటిదేదో ఉన్న మనిషి ఉన్నట్టుండి డీలా పడిపోతే సెప్సిస్‌ను అనుమానించాలి. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకునే స్థితి ఇది. జ్వరం ఒక్కటే చూస్తే మోసపోతాం.

1. శ్వాస లెక్కపెట్టండి. ఛాతీ ఎన్నిసార్లు పైకి లేస్తుందో నిమిషంపాటు చూడండి. లెక్కపెడుతున్నట్టు చెప్పకండి, చెబితే ఊపిరి తీరు మారిపోతుంది. కదలకుండా ఉన్న పెద్దవాళ్లలో 12 నుంచి 20 మామూలు. 22, ఆపైన ఉంటే ప్రమాద సూచనే.

2. మాట్లాడించండి. ఎక్కడున్నారో, ఈరోజు ఏ వారమో అడగండి. మగత, తడబాటు, పొంతన లేని మాటలు గమనించండి. వృద్ధుల్లో ఒక్కోసారి మొదట బయటపడేది ఇదే. చాదస్తమని కొట్టిపారేస్తుంటారు. నిన్నటిదాకా లేనిది ఇవాళ వచ్చిందంటే చాదస్తం కాదు.

3. చర్మం చూడండి. మొదట్లో ఒళ్లు వెచ్చగానే ఉండొచ్చు, తర్వాత చేతులూ కాళ్లూ చల్లబడతాయి. వేలి గోరును 5 సెకన్లు నొక్కి వదలండి. 3 సెకన్లు దాటినా రంగు తిరిగి రాకపోతే రక్తప్రసరణ తగ్గిందని అర్థం (గది చల్లగా ఉన్నా ఆలస్యమవుతుంది). మోకాళ్ల చుట్టూ వలలాంటి ఊదా మచ్చలు వస్తే పరిస్థితి విషమిస్తున్నట్టే. ముదురు రంగు చర్మంపై ఇవి తేలిగ్గా కనబడవు. పెదవులు, నాలుక, అరచేతులు, కనురెప్పల లోపలి భాగం పాలిపోయాయేమో చూడాలి. గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాని మచ్చలైతే ఇక ఆలోచించొద్దు, బయల్దేరండి.

4. నాడి, బీపీ, ఉష్ణోగ్రత కొలవండి. నాడి 90 దాటడం ఏ జ్వరంలోనైనా ఉండేదే, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో అదీ పెరగకపోవచ్చు. పై బీపీ 100, అంతకంటే తక్కువైతే టెన్షన్ పడాల్సిందే. ఎప్పుడూ 150 ఉండేవారికి 110 కూడా పడిపోయినట్టే. ఒళ్లు 36 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే జ్వరం తగ్గిందని సంబరపడకండి.

5. మూత్రం ఎప్పుడు పోశారో అడగండి. రోజంతా రాకపోయినా, బాగా తగ్గినా చెడు సంకేతమే.

పిల్లలకు ఈ అంకెలు వర్తించవు. బిడ్డ పాలు తాగకపోయినా, లేపినా లేవకపోయినా, ఊపిరికి డొక్కలు లోపలికి పోతున్నా వెంటనే తీసుకెళ్లండి.

ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో శ్వాస, మాట, చర్మం, బీపీలలో ఏ ఒక్కటి ఇలా మారినా తెల్లారేదాకా ఆగకుండా అంబులెన్స్ పిలవండి. షాక్‌లోకి వెళ్తే (అంటే బీపీ బాగా పడిపోయి అవయవాలకు రక్తం చాలకపోతే) గంటలోపే యాంటీబయాటిక్ పడాలి. అందుకే ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే "ఇది సెప్సిస్ కావచ్చా?" అని నేరుగా అడగండి. మార్పు ఎప్పుడు మొదలైందో, ఏ మందులు వాడుతున్నారో కూడా చెప్పండి.